సరోజనవి కాని బియ్యం

ఏడేళ్లుగా ఈ మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఆమెకూ ఇది ఇప్పుడే తెలుస్తోంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది వరంగల్. నా భర్త మార్కెట్లో పత్తి బస్తాలు మోసేవాడు. ఆయన పోయేనాటికి ఇంట్లో రేషన్ బియ్యం తప్ప ఏమీ లేదు. మా చర్చిలో ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది, పిడికెడు బియ్యం అంటాం. వండబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, దేవునికి స్తోత్రం చెప్పి, వేరే డబ్బాలో వేయాలి. ఆదివారం చర్చికి తీసుకుపోతే అందరివీ కలిపి లేనివాళ్లకు పంచుతారు. మనం తినే దాంట్లోంచే తీయాలి, అదే దాని నియమం. ఆ రోజుల్లో ఒక్క పూట తప్పలేదు. నా కొడుక్కి ఒక ముద్ద తగ్గుతుందని తెలిసినా పిడికిలి నిండుగానే తీసేదాన్ని.

తర్వాత కొడుకు పెట్టిన టెంట్ హౌస్ బాగా నడిచింది. రెండంతస్తుల ఇల్లు, ఏసీ, సన్నబియ్యం బస్తాలు. ఇక నిమ్మళంగా ఉంటాననుకున్నాను. ఉండలేదు. పక్కింటివాళ్లు గ్రానైట్ వేయిస్తే మా బండలు పాతబడినట్టు అనిపించేది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. ఏమీ లేనినాడు పూటపూటా స్తోత్రం చెప్పిన నోరు అన్నీ ఉన్ననాడు ఎందుకు మూసుకుపోయింది? పనుల్లో పడి మరిచిపోయానా? కాదు. ఇదంతా మా కష్టం, ఇంకెవరికి చెప్పాలి స్తోత్రం అని లోపల ఒక మిడిసిపాటు పెరిగింది.

పిడికెడు తీయడం మానేశాను. కానీ ఆదివారం చేతులూపుకుంటూ పోతే నలుగురూ ఏమనుకుంటారు? అప్పట్లో రేషన్లో దొడ్డు బియ్యం వచ్చేవి. మేం తినేవాళ్లం కాదు. కార్డు పోతుందని తెచ్చి మెట్ల కింద పడేసేవాళ్లం. ఆదివారం పొద్దున అందులోంచి ఒక నల్ల కవర్ నింపి ముడివేసుకుని పోయేదాన్ని. చెరిగింది లేదు, చూసింది లేదు.

ఒక ఆదివారం, ఆరాధన మొదలుకాక ముందు, పాస్టరమ్మ బల్ల మీది కవర్లు విప్పి గోనెసంచిలో పోస్తోంది. ఒక కవర్ దగ్గర ఆగిపోయింది.

"ఎవలియే ఇవి? పురుగులు పారుతానయ్ గదా!"

ముడి చూసి గుర్తుపట్టాను. నాదే.

"ఇంకెవలియి? దొడ్డు బియ్యం తెచ్చేది మన సరోజననే గదా," అంది వెనక నుంచి ఒకామె. "దేవునికి పెట్టుడంటే కోళ్లకు సల్లుడనుకున్నవా ఏందే?"

నవ్వులు. సరోజన నా పక్కనే కూర్చుని ఉంది. ఆమెకూ భర్త లేడు. ఫంక్షన్ హాల్లో అంట్లు తోముతుంది. ఒకప్పుడు మా రెండిళ్లకూ ఒకటే గోడ.

"నాయి కాదక్కా. మేం తినే బియ్యమే తెచ్చిన. పొద్దుగాల చెరిగి మరీ తెచ్చిన." అంటూ నా మోచేయి పట్టుకుంది. "నువ్వన్న జెప్పక్కా. నేను సూడకుంట తెస్తనా?"

నావి అంటే అయిపోయేది. మెడలో కొత్త గొలుసు, అందరి కళ్లూ నా మీద. నేనన్నాను:

"పోనియ్ సరోజనా. ఈసారి జర మంచియి తే."

క్షమిస్తున్నట్టు అన్నాను! తప్పు చేసిన నేను, చేయని ఆమెను! ఆమె నన్నొకసారి చూసి మోచేయి వదిలేసింది. నావేనని ఆమెకు అప్పుడే తెలిసిందా? ఈ ప్రశ్న నన్ను కూర్చోనివ్వదు.

ఆరోజే ఆరాధనలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే లేచాను. దేవుడు నాకు ఏ లోటూ చేయలేదని, కృతజ్ఞతగా, తృప్తిగా బతుకుతున్నానని చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. సరోజన కూడా అంది. ఆ తర్వాత ఆమె చర్చికి మళ్లీ రాలేదు.

చర్చికి రెండు ఫ్యాన్లు ఇప్పించాను. రెక్కల మీద నా పేరు రాయించారు. తిరుగుతుంటే పేరు కనబడదు, ఆగితే కనబడుతుంది. కరెంటు పోవద్దని మొక్కుతూ కూర్చుంటాను. పిడికెడు బియ్యం కూడా మళ్లీ తీస్తున్నాను, మేం తినే సన్నబియ్యంలోంచే. బియ్యం చేతికి వస్తాయి, స్తోత్రం నోటికి రాదు. ఆమె ముఖమే వస్తుంది.

సరోజన ఇప్పుడు నెక్కొండలో చెల్లెలి దగ్గర ఉందట. రైలెక్కితే ఎంతసేపు? ఏడేళ్లలో ఎక్కలేదు. రేపు ఎక్కుతానని మాటివ్వను. నా సాక్ష్యాలు ఎలాంటివో విన్నారుగా.

ఇక్కడ కోడలు పెన్ను ఆపింది.

"అత్తమ్మా, పేర్లు తీసేయాల్నా?"

నాది తీసెయ్ అన్నాను. అంత ధైర్యం నాకింకా రాలేదు. ఆమెది మాత్రం ఉంచమన్నాను. ఆ పురుగుల బియ్యం సరోజనవి కావు. నావి. నోరు తెరిచి ఈ మాట అనడం ఇదే మొదటిసారి. అన్నాను.