కత్తెర మీద సుంకం

వీధిలో అందరూ ఆవిడని మైకక్క అంటారు. చిన్నప్పటి నుంచి సానరాళ్ల రొదలో పెరగడం వల్ల ఆవిడ గుసగుసలాడినా పక్కింటికి వినిపిస్తుంది. కత్తెరల షెడ్డు తండ్రిది. ఆయన మంచాన పడ్డాక సాన పని ఆవిడ చేతికి, అమ్మకాలు తమ్ముడి చేతికి వచ్చాయి. వీధి పొడుగునా అలాంటి షెడ్లే.

పైదేశపు కత్తెరలు రావడం మొదలయ్యాక ఒక్కో షెడ్డూ మూతపడసాగింది. తళతళలాడుతూ, అట్టకి బిగించి, సగం ధరకే దొరికేవి. "ఆర్నెల్లకి మొద్దుబారతాయిలే" అని మైకక్క ధీమాగా ఉండేది. మొద్దుబారాయి కూడా. జనం వాటిని పారేసి మళ్లీ అవే కొనుక్కున్నారు.

దిగుమతి సుంకం పెంచమని సర్కారుకి దరఖాస్తు పెట్టుకోవచ్చని తెలిసి ఆవిడ షెడ్డు షెడ్డుకీ తిరిగింది.

"మన ఏడుపు ఎవడు వింటాడక్కా?"

"నేను అరిస్తే వినక చస్తారా?"

నవ్వుకుంటూ సంతకాలు పెట్టారు.

విచారణ రోజున తమ గోడు బాగానే చెప్పుకుంది. తర్వాత కుట్టుపనివాళ్ల సంఘం తరఫున ఒకావిడ లేచింది. మైకక్కకి పాత ఖాతాదారే.

"వీళ్ల కత్తెర మా అమ్మ నాకిచ్చిందండీ. ఇప్పటికీ వెన్న కోసినట్టు కోస్తుంది, కాదనను. కానీ నా దగ్గర పని నేర్చుకునే ఆడపిల్లలు దాన్ని కొనలేరు. సుంకం వేస్తే ఆ చవకదీ కొనలేరు. వాళ్లనేం చేయమంటారు?"

అధికారి మైకక్క వైపు చూశాడు. ఆవిడ చేతిలో కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. బయటికొచ్చాక కుట్టుపనావిడే దగ్గరికొచ్చి, "ఏమనుకోకక్కా" అంది.

"ఏమనుకుంటాను? ఉన్నమాటే అన్నావు."

అయినా సుంకం పెరిగింది. తమ్ముడు వీధంతా మిఠాయిలు పంచాడు. అంతకుముందు పని లేక మాన్పించిన ఇద్దరు సానవాళ్లని మైకక్క తనే వెళ్లి పిలుచుకొచ్చింది.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. బజార్లో చవక కత్తెరలు ఎప్పటిలాగే వేలాడుతున్నాయి. ఆరా తీస్తే, ఒక పెట్టెలో బ్లేడ్లు, ఇంకో పెట్టెలో ప్లాస్టిక్ పిడులు విడివిడిగా దిగుతున్నాయట. ఇక్కడ రివిట్టు కొడితే కత్తెర అయిపోతుంది. ఆవిడ పరుగున ఆఫీసుకి వెళ్లింది.

"మీరడిగింది కత్తెర మీదమ్మా. ఇవి విడిభాగాలు" అన్నాడు అధికారి.

"రెండూ కలిపితే ఏమవుతుందండీ?"

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "మళ్లీ దరఖాస్తు పెట్టుకోండి. అందరి సంతకాలూ ఉండాలి."

ఈసారి వీధిలో ఎవరూ ఆవిడ మొహం చూడలేదు. సానలు ఆగిపోయాయి. షెడ్లలో రివిట్లు కొట్టే చిన్న సుత్తుల టకటకలు వినిపిస్తున్నాయి. "ఇన్నాళ్లకి నాలుగు మెతుకులు దొరుకుతున్నాయక్కా. కడుపు మీద కొట్టకు" అన్నాడు పక్క షెడ్డాయన.

ఆ మాట తమ్ముడికి చెప్పి వీధివాళ్లందర్నీ కడిగేయాలని ఆవిడ మండిపడుతూ వచ్చింది. తమ్ముడు పెట్టె విప్పుతున్నాడు. లోపల బ్లేడ్లు, నూనె కాగితంలో చుట్టి ఉన్నాయి.

"అందరూ తెచ్చుకున్నాక మనమొక్కళ్లం ఎన్నాళ్లు నెట్టుకొస్తామక్కా?"

"నాతో ఒక్క మాట అనలేదేరా?"

"నీతో అంటే వీధంతా వినపడేది."

నవ్విద్దామనే అన్నాడు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

సానవాళ్లని మళ్లీ పంపేయాల్సి వచ్చింది. పెద్దవాడు మేకుకి వేలాడుతున్న చొక్కా తీసుకుని వెళ్లిపోయాడు. చిన్నవాడు మాత్రం, "మమ్మల్ని పిలవకపోయినా బాగుండేదక్కా" అన్నాడు.

తండ్రి మంచం షెడ్డు గోడని ఆనుకునే ఉంది. సాన తిరిగితే గోడ అదురుతుంది. ఆ సాయంత్రం ఆయన గోడ మీద అరచెయ్యి ఆనించి, "కరెంటు పోయిందా అమ్మా?" అని అడిగాడు.

"పోయింది నాన్నా."

మర్నాడూ అదే అడిగాడు, ఆవిడా అదే చెప్పింది. కొన్నాళ్లకి ఆయన అడగడం మానేశాడు. అప్పటికి మైకక్క కూడా తమ్ముడి పక్కన పీట వేసుకుని రివిట్లు కొడుతోంది.