రోడ్డుకు అవతలి సర్వర్

అది 2010. మెదక్‌లో ఒక ప్రైవేటు దవాఖానాకు నేను సాఫ్ట్‌వేర్ రాసి పెట్టిన తొలి రోజులు. దవాఖానా రోడ్డుకు ఇటు, దాని ల్యాబ్ అటు. రెండు చోట్లా చెరొక జావా సర్వర్, మధ్యలో నేను దగ్గరుండి లాగించిన కేబుల్. రక్తపరీక్ష ఫలితం ల్యాబ్‌లో ఎక్కిస్తే డాక్టరుగారి తెర మీద కనిపించాలి. కనిపించలేదు. ల్యాబ్ చూసే స్వరూపక్క రిపోర్టులు పట్టుకుని ఎండలో రోడ్డు దాటుతూనే ఉంది.

"ఏమయ్యా, ఏడుపాయల గుడికి పోయి కొబ్బరికాయ కొట్టిరా. నీ సాఫ్ట్‌వేర్‌కు గదే మందు," అన్నారు డాక్టరుగారు, పేషెంట్లందరి ముందూ. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. "పొద్దుగూకేలోపు నడువకుంటే రేపు పట్నమోళ్లను పిలుస్త." అప్పుడు నా చేతిలో ఉన్నది ఆ ఒక్క పనే.

మధ్యాహ్నం ప్రత్యేక రాష్ట్రం ర్యాలీ వచ్చింది. రోడ్డు నిండా జనం, డప్పులు. నేను ఇటే చిక్కుకున్నాను.

పింగ్ చేశాను. అంటే అవతలి మిషన్‌ను "ఉన్నావా" అని పలకరించడం. పలికింది. కేబుల్ తప్పు లేదన్నమాట. పోర్టు, అంటే బయటివాళ్లు తట్టే తలుపు, అదీ తెరిచే ఉంది. అయినా "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అనే వస్తోంది. స్వరూపక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, ఏడున్నవ్?"

"ఈడనే ఉన్న తమ్మీ."

"మిషన్ ముందట్నేనా?"

"కాదు, ర్యాలీల. మావోళ్లు కనవడితే జర నడుస్తున్న."

నవ్వబోయి ఆగి, తెర మళ్లీ చూశాను. ఆ ఎర్రర్ పక్కనే 127.0.0.1 అని ఉంది. ఏ మిషన్‌కైనా ఆ అడ్రసుకు అర్థం "నా దగ్గరే" అని. ఆర్‌ఎమ్‌ఐ అనే జావా పద్ధతిలో ఒక సర్వర్ ముందుగా రెండోదాని తలుపు తట్టి, పనికి ఎక్కడికి రావాలో అడుగుతుంది. ల్యాబ్ సర్వర్ "ఈడనే" అంటోంది. దవాఖానా సర్వర్ ఆ మాట నమ్మి తనలో తానే వెతుక్కుంటోంది.

"అక్కా, ల్యాబ్‌కు ఉరుకు!"

"జై తెలంగాణ అననియ్యవు గదా," అంటూనే పోయింది. సర్వర్‌ను లేపే ఫైల్‌లో ఆ మిషన్ అసలు అడ్రసు రాయమని డప్పుల మోతలో అరిచి చెప్పాను.

"చుక్కనా, కామానా?"

"చుక్క! చుక్కక్కా!"

ఆమె సర్వర్‌ను ఆపి మళ్లీ లేపింది. కాసేపటికి డాక్టరుగారి తెర మీద ఎవరిదో హిమోగ్లోబిన్ వెలిగింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "కొబ్బరికాయ కొట్టినట్టున్నవ్," అన్నారు. అంతే. పట్నమోళ్లను మాత్రం పిలవలేదు.

ఇప్పుడు ల్యాబ్, దవాఖానా ఒకే భవనంలో ఉన్నాయి. కేబుల్ తీసేశారు. రాష్ట్రం వచ్చింది. ఆ డప్పుల మోత మాత్రం ఆ రోడ్డు మీద నాకింకా వినిపిస్తుంది. మిషన్ అయినా మనిషి అయినా "ఈడనే" అంటే "ఏడ" అని మరోసారి అడగడం ఆ రోజు నుంచే అలవాటైంది.

ఏడుపాయలకు ఏటా పోతాను. మంజీరలో కాళ్లు కడుక్కుని అమ్మవారికి దండం పెట్టుకుంటాను. కొబ్బరికాయ మా ఆవిడ కొడుతుంది. నేను కొట్టలేదు, కొట్టను.