వెనక సీట్లో అమ్మ, కారు కింద నేను

ముందే ఒప్పుకుంటున్నాను, గోరంతను కొండంత చేయకపోతే నాకు అన్నం సహించదు. మీరే తగ్గించుకుని చదవాలి. ఈ ఉదయం పక్కింట్లో తుప్పు పట్టిన గేటుకు డీజిల్ పోస్తున్నారు. ఆ వాసన తగలగానే దావీదు మామ వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నట్టే అనిపించింది.

జడ్చర్లలో ఉన్నప్పుడు మా పక్కింటాయన. ఉద్యోగమంతా అంబులెన్సు నడిపి రిటైరయ్యాడు. చుట్టరికం లేదు, అమ్మ అన్నా అని పిలిచేది కాబట్టి నాకు మామ అయ్యాడు.

అప్పట్లో నా తెల్ల కారు ఏ రాజుగారో పింఛనిచ్చి పంపేసిన ఏనుగులా ఉండేది. కుదుపుల్ని మింగాల్సిన వెనక షాకబ్జర్లు ఎప్పుడో ప్రాణం వదిలాయి. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే వెనక కూర్చున్నవాళ్లు ఆకాశానికెగిరి, మబ్బుల్ని పలకరించి, తీరిగ్గా దిగేవాళ్లు. నేను కూర్చునేది ముందు సీట్లో కదా, నాకదంతా తమాషాగానే ఉండేది, అమ్మకు నడుము ఆపరేషన్ అయ్యేదాకా. పాలమూరు దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన రోజే ఆమె గోడవైపు తిరిగి పడుకుని, "సచ్చినా గా బండెక్క కొడుకా," అంది. కుట్లు విప్పించడం ఇంకా మిగిలే ఉంది.

ఆదివారం ప్రార్థన కాగానే మామ ఆ తెల్ల చొక్కాతోనే మా వాకిట్లోకి వచ్చాడు. షాకబ్జర్లు, వాటి చివర బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్‌లు కొత్తవి తెప్పించాడు. కారును జాకీతో లేపి, దాన్ని నమ్మలేక కింద బండలు కూడా పేర్చాం. తుప్పు పట్టిన పాత బోల్టుకు మామ డీజిల్ పోస్తూ కూర్చున్నాడు, అది ఊడేలోపు ఊరిబయట చేలల్లో పత్తి ఏరేసి, మళ్లీ విత్తనం పెట్టేశారు. లోపలి రబ్బరు వక్కపొడిలా రాలింది.

కొత్తవి ఎక్కించి, చక్రాలు గాల్లో ఉండగానే నా బలమంతా చూపించి బిగించాను. మామ మెచ్చుకోలేదు. మళ్లీ వదులు చేయించి, కారును నేలకు దించాడు. బరువు పడకముందే బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుందట. అంతటితో ఆగక, అమ్మను మెల్లగా నడిపించుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టమన్నాడు.

"ఇంకా పని గాలే గద మామా?"

"ఎవలి కోసం చేస్తున్నవో ఆళ్ల బరువు మీదనే బిగియ్యాలె అల్లుడా. నా బండిల పండుకున్నోళ్లు నాకు గిదే నేర్పిన్రు."

నేను కారు కింద దూరాను. పైన అమ్మ, "వీనికి చాతనైతదా అన్నా?" అని అడగడం వినబడింది.

"నువ్వు ఊకె కూసో చెల్లె. ఇప్పుడు పని నీదే."

అమ్మ పిడికెడు మనిషి. కానీ ఆ రోజు పానా తిప్పుతుంటే, ఆమె బరువు మొదటిసారి నా చేతికి తెలిసింది.

మర్నాడు దవాఖానకు బయలుదేరాం. అమ్మ పక్కన మామ, చేతిలో నిండుగా గ్లాసెడు నీళ్లతో. పాలమూరు దాకా చుక్క తొణకలేదు. అమ్మ నిద్రపోయింది.

మామ పోయి కొన్నేళ్లయింది. నేను మాత్రం కూతురికి చదువుకునే బల్ల చేయించినా సరే, ఆఖరి మేకు దిగేముందు ఆ పిల్లను పిలిచి కూర్చోబెడతాను. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఇక ఇందులో కల్పన ఏదంటారా? ఏనుగునూ పత్తినీ మీరే తీసేసి ఉంటారు. గ్లాసునీళ్ల మాట కూడా తీసేయండి. మొదటి స్పీడ్ బ్రేకర్‌కే సగం నీళ్లు మామ చొక్కా మీద పడ్డాయి. ఆయన తుడుచుకోలేదు. అద్దంలో నా కళ్లలోకి చూసి, పెదవుల మీద వేలు పెట్టాడు. అమ్మ తల ఆయన భుజం మీద వాలి ఉంది. అది మాత్రం నేను పెంచి రాసింది కాదు.