కాలిలో అదనపు కండ

పెద్ద లాండ్రీలో ఆవిరి ప్రెస్ దగ్గర పదకొండేళ్లుగా నిలబడుతున్న ఆమెను అందరూ ప్రెస్సక్క అంటారు. దుప్పటి పరచాలి, కుడికాలితో పెడల్ తొక్కాలి, ఆవిరి బుస్సుమనగానే వదలాలి. రోజుకు ఆరేడు వందల సార్లు. ఏడాదిగా మధ్యాహ్నమయ్యేసరికి చీలమండ వెనక, లోపలి వైపు నిమ్మకాయంత ఉబ్బు లేచి కాలు పట్టేస్తోంది. ఇంటికొచ్చి పడుకుంటే మాయం.

ఆ మాయం కావడమే ఆమె ఖర్మ. ముగ్గురు డాక్టర్లూ ఆమెను బల్లమీద పడుకోబెట్టే చూశారు. ఒకరు అలసటన్నారు, ఒకరు ఏమీ లేదన్నారు. మూడో ఆయన ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, "ఎముకలు ఉక్కుముక్కలమ్మా" అని మెచ్చుకుని పంపేశాడు.

నాలుగో డాక్టరమ్మ నిలబెట్టి, మునివేళ్ల మీద లేవమంది. ఉబ్బు లేచింది. స్కానింగ్ చూసి తేల్చింది.

"పిక్క కింద నీకో కండ ఎక్కువుంది. పుట్టుకతోనే వచ్చింది. కొందరికి ఉంటుంది, తెలియకుండానే బతికేస్తారు. పెడల్ తొక్కీ తొక్కీ నువ్వు దాన్ని నిద్రలేపావు. కాలికి ఆ పని తప్పించు."

"నీకు నాలుకే ఒకటి ఎక్కువనుకున్నానే, కాల్లో కూడానా?" అన్నాడు భర్త. ఆమెకు నవ్వు రాలేదు.

పెడల్ లేని మడతల బల్లకు మారాలంటే డాక్టరు చేత లాండ్రీవాళ్ల పనిమార్పు కాగితం నింపించాలి. అందులో రెండే గళ్లు: జబ్బు, గాయం. "ఇది రెండూ కాదు, అబద్ధం రాయలేను" అని డాక్టరమ్మ గళ్లు వదిలేసి, కింద ఉన్నమాట రాసిచ్చింది.

సూపర్‌వైజర్ చదివాడు. "కండ ఎక్కువుంటే అందరికంటే ఎక్కువ తొక్కాలి కదక్కా!"

"మీకు రెండో ముక్కు మొలిస్తే రెట్టింపు వాసన చూస్తారా సార్?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. కాగితం మాత్రం ఆమె చేతికే తిరిగొచ్చింది. "గడి నింపించుకు రా."

మర్నాటి నుంచి ఆమె అడ్డంగా తిరిగి ఎడమకాలితో తొక్కింది. దుప్పట్లు వంకరగా నలిగాయి. నాలుగో రోజు ఒక హోటల్ మూటకు మూట వెనక్కి పంపింది. సూపర్‌వైజర్ విసురుగా వచ్చి, ఆ కాగితం లాక్కుని, జబ్బు గడిలో తనే టిక్కు కొట్టాడు.

"నాకు జబ్బేమీ లేదు సార్. కింద రాసే ఉంది."

"ఉందనుకో అక్కా. నీకు మడతల బల్ల కావాలా, వద్దా?"

ఏడాదిపాటు ఏమీ లేదన్నారు. జబ్బు లేదని తేలాక ఉందంటున్నారు. గడిలోని టిక్కుకు తగ్గట్టు ఆమె మడతల బల్ల దగ్గరికి కుంటుకుంటూ నడిచింది.