కాపెల్ ఇంట్లో తెరుచుకోని ఆట

2019 వేసవిలో నేను అమెరికాలో, పార్సిప్పనీలోని ఒక గేమ్స్ కంపెనీలో టెస్టింగ్ లీడ్‌గా ఉన్నాను. ఆటలు తయారుచేసేది ప్రోగ్రామర్లు. జనంలోకి వదిలే ముందు వాటిని నానా హింసా పెట్టి, ఎక్కడ విరుగుతాయో చూసేది మేము. చెడగొట్టినందుకు జీతమిచ్చే ఉద్యోగం ఇంకొకటి ఉంటుందనుకోను.

కస్టమర్ల ఫిర్యాదులు మామూలుగా మా దాకా రావు. సపోర్ట్ వాళ్లే మెషిన్ రీస్టార్ట్ చేయించి, ఆటని తీసేసి మళ్లీ ఎక్కించి, డ్రైవర్లు అప్‌డేట్ చేయిస్తారు. అప్పటికీ లొంగకపోతే మాకు పంపుతారు. మా మెషిన్ల మీదా అదే తప్పు కనబడితే దాన్ని బగ్ అంటాం. కనబడకపోతే 'మా దగ్గర రాలేదు' అని రాసి ఆ ఫిర్యాదు టికెట్ మూసేస్తాం. ఈ టికెట్ కూడా అలా మూసేయబోతుంటే సపోర్ట్ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. కాపెల్ అనే ఊళ్లో ఒక ఇంట్లో ఆట తెరిచీ తెరవగానే మూసుకుపోతోందట. విసుగొస్తే ఫోన్ చేసిన తల్లి తెలుగులోకి వెళ్లిపోతోందట, మీరు మాట్లాడతారా అని అడిగింది.

మాట్లాడాను. తల్లి పేరు పద్మజ. కూతురు ఆర్యకి పదకొండేళ్లు, అసలు కష్టం ఆ పిల్లది. ప్రాణస్నేహితురాలు నిహా అప్పుడే ఎడిసన్ అనే ఊరికి మారిపోయింది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక దీవిలో ఇల్లు కట్టుకునే ఆట మాది. రోజూ సాయంత్రం అందులో కలుసుకుందామని ఒట్టు పెట్టుకుని విడిపోయారు.

"ఆంటీ, నిహా వాళ్ల న్యూ ఫ్రెండ్స్‌తో ఆడుతుంది. నాకు రూమ్ ఉంచుతా అంది. బట్, ఎంత డేస్ ఉంచుతుంది?" అంది ఆర్య.

ఆ టికెట్ మూయడానికి చేతులు రాలేదు.

మా ప్రోగ్రామర్ల లీడ్ గ్రెగ్ బంగారంలాంటి మనిషి. తన కోడ్‌ని పల్లెత్తు మాటంటే మాత్రం మగపెళ్లివారిలా అలిగేవాడు. అందరిళ్లలో నడిచే ఆట ఒక్క ఇంట్లో నడవలేదంటే తప్పు ఆ ఇంటిదే అని తేల్చేశాడు. సరే, ఆ ఇల్లే చూద్దామని వీడియో కాల్ పెట్టి, వాళ్ల స్క్రీన్ చూపించమన్నాను. పద్మజ వెనక కిటికీలో ఎండ ఫెళ్లున కాస్తోంది. స్క్రీన్ మూల మాత్రం తెల్లవారుజాము మూడున్నర అని ఉంది.

అది ఇండియా టైమ్ అని పక్కనే ఉన్న గ్రెగ్‌కి చెప్పాల్సి వచ్చింది గానీ నాకు తెలియనిదా! మన ఇళ్లలో ఒక గడియారం అక్కడి టైమ్ చూపించడం మామూలే. మా వంటింట్లోనూ ఉంది.

"మా గురువుగారు విజయవాడలో ఉంటారండీ. అక్కడి మార్నింగ్ సిక్స్‌కి ఆన్‌లైన్ క్లాస్. ఇక్కడ ఏడాదికి రెండుసార్లు గంట ముందుకీ వెనక్కీ టైమ్ మార్చినప్పుడల్లా కన్‌ఫ్యూజ్ అయి లేట్‌గా జాయిన్ అయ్యేదాన్ని. అసలు నీకు సంగీతం మీద శ్రద్ధ ఉందా అమ్మా అనేశారు. ఆ రోజే ఈ సిస్టమ్‌ని ఇండియా టైమ్‌కి మార్చేశా," అంది పద్మజ.

నేను ఒక టెస్ట్ మెషిన్‌లో టైమ్ జోన్‌ని ఇండియాకి మార్చాను. ఆట హాయిగా తెరుచుకుంది. గ్రెగ్ ముఖం వెలిగిపోయింది. అసలు ఎలా మార్చారని పద్మజని మళ్లీ అడిగాను.

"జోన్ గీన్ నాకు తెలీదండీ. గోడ గడియారం తిప్పినట్టు తిప్పేశా, అంతే!"

నేనూ అలాగే తిప్పాను. ఆట ఠపీమని పోయింది. మా టెస్టర్లందరూ చప్పట్లు కొట్టారు.

సంగతేమిటంటే, ఆట మొదలవుతూనే మా సర్వర్ నుంచి కొన్ని గంటలు చెల్లే ఒక పాస్ తెచ్చుకుంటుంది. జోన్ మారిస్తే పైకి కనబడే అంకె మారుతుందే గానీ, కంప్యూటర్ లోపలి లెక్క చెడదు. గడియారాన్నే ముందుకు తిప్పితే ఆ లెక్కా తప్పుతుంది. అప్పుడే వచ్చిన పాస్ ఎప్పుడో గడువు తీరినట్టు కనబడుతుంది. మా కోడ్ దాన్ని అవతల పారేసి, మరుక్షణం దానికోసమే వెతుక్కుని కుప్పకూలేది. టైమ్ తప్పుగా పెట్టుకుంటే కస్టమర్‌కి చెప్పాలి గానీ ఆట చచ్చిపోవడమేమిటని గ్రెగ్‌ని నిలదీశాను. ఒక పూట అలిగాడు. మర్నాడు తనే వచ్చి, మెసేజ్ పెడుతున్నాననీ, వచ్చే అప్‌డేట్‌లో వెళ్తుందనీ చెప్పాడు.

అప్‌డేట్ వచ్చేదాకా ఆర్య ఆగలేదు కదా! టైమ్ వెనక్కి తిప్పమంటే పద్మజ ససేమిరా అంది.

"పాప ఆటకోసం నా క్లాస్ మానుకోవాలా అండీ? వారమంతా ఆఫీస్, కార్‌పూల్, వంట. నాదంటూ ఉన్నది ఆ గంటే!"

ఆవిడ అన్నదీ న్యాయమే. అప్పుడు పద్మజతో గడియారం సరిచేయించి, పక్కన ఇండియా టైమ్ చూపించే రెండో గడియారం పెట్టించాను. విండోస్‌లో ఆ సదుపాయం ఎప్పటినుంచో ఉంది. దాని మీద 'గురువుగారు' అని పేరు కూడా పెట్టుకుంది.

ఆర్య ఆట తెరిచింది. తెరుచుకుంది. వాళ్ల ఫోన్ స్పీకర్లో ఎడిసన్ నుంచి నిహా అరుపు నాకూ వినిపించింది: "నీ రూమ్‌కి డోర్ పెట్టలేదే! ఏ కలర్ కావాలో చెప్పు!"

ఆ తర్వాత నన్నెవరూ పట్టించుకోలేదు. కాల్ కట్ చేసి టికెట్ మూసేశాను.

అప్పటిదాకా మేం కస్టమర్‌ని అడిగేవన్నీ మెషిన్ గురించే. ఆ వారం నుంచి రిటైరయ్యేదాకా మరో ప్రశ్న ముందు అడిగించాను: ఈ కంప్యూటర్ మీ ఇంట్లో ఇంకెవరికి, ఏ పనికి కావాలి?