ఒక గ్రాము బంగారం

ఇది కొండలు కదిలిన కథ. స్వేచ్ఛా మార్కెట్టుకూ ప్రభుత్వానికీ నడుమ మా ఇంట్లో జరిగిన మహాసంగ్రామం. అంటే, మా అమ్మ చింతపల్లి సంతకెళ్లి వచ్చింది. అంతే.

డిగ్రీ అయ్యాక ఫోన్‌లో వీడియోలు చూసి నేను ఆర్థికవేత్తనయ్యాను. ధర తేల్చుకోవాల్సింది కొనేవాడూ అమ్మేవాడూ, మధ్యలో సర్కారెందుకని మా తోటలో మిరియాల తీగలకు కూడా బోధించాను. ఇప్పటికీ నా నమ్మకం అదే. ఆ ఏడు మా కాఫీ గింజలు ప్రభుత్వ కొనుగోలు కేంద్రానికి కాకుండా ప్రైవేటు వ్యాపారికి అమ్మించాను. అతను కాస్త ఎక్కువే ఇచ్చాడు. దాంతో ఇంట్లో నా మాటకు విలువ వచ్చింది. ప్రమాదం అక్కడే మొదలైంది.

ఆ డబ్బు ఇంటి పైకప్పు రేకులకు. పాత రేకులు చిల్లులుపడి, వానొస్తే ఇంట్లో గొడుగు వేసుకునే పరిస్థితి. వానలకింకా నెలలున్నాయి, నోట్లు ఊరికే ఉంటే విలువ తరిగిపోతుంది, అందాకా బంగారంలో పెట్టమన్నాను. "ఒక్కో గ్రాము కొనుక్కో, చాలు" అని సలహా ఇచ్చాను.

అమ్మ సంతలోంచి ఫోన్ చేసింది.

"ఒరే, బంగారం మా సవగ్గా ఉందిరా! ఎంత కొనీమంతావు?"

"తగ్గినప్పుడే కొనాలమ్మా. ఉన్నదంతా పెట్టెయ్."

ఎంత తగ్గిందని అడగలేదు. మార్కెట్టు మీద నాకంత గౌరవం.

సాయంత్రం జీపు దిగి, సంచీ తెచ్చి చాప మీద బోర్లించింది. గొలుసులు, గాజులు, హారాలు, ఒక వడ్డాణం. మా ఇంట్లో అన్ని నగలు చూడటం అదే మొదటిసారి.

"ఇదేంటమ్మా?"

"ఒన్ గ్రామ్ గోల్డు. నువ్వే గదా ఒక గ్రాము కొనమన్నావు? కొట్టోడికి అలగే సెప్పినాను. అట్ట మీద రాసుందని సూపించాడు కూడాను."

వన్ గ్రామ్ గోల్డంటే గ్రాము బంగారం కాదు, ఇత్తడి మీద బంగారు పూత. లోకమంతా ఎరిగిన సంగతే. పుట్టి బుద్ధెరిగాక ముక్కుపుడక తప్ప బంగారం కొనని మా అమ్మకు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

"ముద్ర చూడలేదా? అసలు బంగారం మీద హాల్‌మార్క్ ఉంటుంది!"

"ఆ ముద్రెయ్యమని సెప్పినోలు ఎవులు?"

"గవర్నమెంటు."

"ఆళ్లు మజ్జిలోకి రాకూడదన్నావు గదేట్రా గుంటడా?"

నా డిగ్రీ సిలబస్‌లో ఈ ప్రశ్న లేదు.

ఇవి ఇత్తడివి, పైన పూతేనని చెప్పాక ఆమెకు అర్థమైంది. గొలుసు చేతిలోనే ఉండిపోయింది. "అయితే రేకులో?" అంది, నన్ను కాదు, పైకప్పును చూస్తూ.

మరుసటి సంతలో నేనే కొట్టతని మీదికి యుద్ధానికెళ్లాను. "నానేటైనా అబద్దమాడినానా బాబూ?" అన్నాడు. ఆడలేదు. అడిగిందే అమ్మాడు. నా సిద్ధాంతం ప్రకారం అతనిది నిఖార్సైన వ్యాపారం. యుద్ధం ముగిసింది, టీ తాగి వచ్చేశాను.

అమ్మ మాత్రం ఏడవలేదు, నన్ను సలహా అడగలేదు. ఆ సంచీ పట్టుకుని పక్క ఊరి సంతలో కూర్చుంది. "పూతదే అమ్మా, అసలుది కాదు, సూసుకోండి" అని ముందే చెప్పి, కొన్న ధరలో సగానికే అమ్మింది. వచ్చిన డబ్బుతో వంటింటి వైపు రేకులు మారాయి. మిగతా సగానికి టార్పాలిన్ కట్టాం. వడ్డాణం ఎవరూ కొనలేదు.

వన్ గ్రామ్ నగలు తడి తగిలితే నల్లబడతాయి. స్నానానికి ముందు తీసి, పొడిగుడ్డతో తుడిచి, మూతున్న డబ్బాలో పెట్టుకోవాలి. మా వడ్డాణం అలాగే, వాన కారని వంటింటి వైపు ఉంది.