ఇంజిను వాటా కింద చదివిన హిస్టరీ

రెండు వేల తొమ్మిది జూన్‌లో నన్ను పోర్ట్‌బ్లెయిర్‌లోని అబర్డీన్ బజార్ బ్రాంచికి ఫీల్డ్ ఆఫీసర్‌గా వేశారు. ఫీల్డ్ ఆఫీసర్ అంటే అప్పు అడిగినవాళ్ల ఇంటికి వెళ్లి, చూసి, తీర్చగలరో లేదో రిపోర్టు రాసేవాడు. నేను ఈ దీవుల్లో పుట్టినవాణ్ని. మా తాత ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చాడు. నా చదువు బి.ఏ. హిస్టరీ. ఇది కాక సర్వీసు రికార్డుకెక్కని హోదా ఒకటుండేది: గప్పాలరాయుడు. తుష్నాబాద్ రోడ్డు మీద ఒక మొసలి నా స్కూటరు ఆపి ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి వడ్డీ ఎంతని అడిగిందని నేను చెబితే, క్యాషియరు నోట్లు పక్కన పెట్టి, "నామినీ ఎవరంది భయ్యా?" అనేవాడు. వానలకి ఓడ ఆలస్యమై ఊరంతా ఈసురోమంటున్న రోజుల్లో బ్రాంచికి అదే కాలక్షేపం. ఇప్పటికీ తడి గొడుగుల వాసన తగిలితే నాకు ఆ హాలే గుర్తొస్తుంది.

ఆ నెలలోనే నూకరత్నం అనే అమ్మాయి విద్యా రుణానికి దరఖాస్తు పెట్టింది. తండ్రి లచ్చయ్యది ఇంజిను పడవ, చేపల వేట. అమ్మాయికి హైదరాబాద్‌లో ఇంటర్ మీద చేరే అయిదేళ్ల ఎం.ఏ. హిస్టరీలో సీటొచ్చింది. ఫీజు కట్టే గడువు దగ్గర పడింది. అది దాటితే సీటు పోతుంది.

మేనేజరు గారు గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చినవారు. మంచి మనిషి, లెక్క మనిషి. విద్యా రుణంలో చదువు సాగినంత కాలం వాయిదా అడగం. దాన్ని మారటోరియం అంటాం. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అప్పు చిన్నదైతే ఆస్తి హామీ అడగకూడదు. తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు. కాబట్టి మేం తూచేదల్లా ఒకటే, ఆ చదువుకి రేపు వచ్చే జీతం, ఆ జీతంలో వాయిదా తినేసే భాగం. ఇంజనీరింగ్ అయితే ఆయన కళ్లు మూసుకుని అంకె వేసేవారు. హిస్టరీ దగ్గర పెన్ను ఆగింది.

"హిస్టరీ చదివితే ఏం ఉద్యోగం వస్తుందయ్యా?"

"మీ ఎదురుగా కూర్చునే ఉద్యోగం సార్."

"నీకు ఉద్యోగం ఇచ్చింది బ్యాంకు పరీక్ష. అశోకుడు కాదు," అన్నారు.

రిపోర్టు కోసం జెట్టీ దగ్గర వాళ్లింటికి వెళ్లాను. హిస్టరీయే ఎందుకని అడిగాను. "మా బుక్స్‌లో జైలుంది, ఖైదీలున్నారు సార్," అంది నూకరత్నం. "మా తాతోళ్లు వలలట్టుకొచ్చారని ఒక్క లైను నేదు. నేను చదివి రాస్తాను." బ్యాంకు ఫారంలో ఆ మాట రాసే గడి లేదు. లచ్చయ్య మాత్రం రాసుకోదగ్గ సంగతే చెప్పాడు. వేట అమ్మాక డబ్బు వాటాలు వేస్తారు: పడవకి ఒకటి, వలకి ఒకటి, ఇంజినుకి ఒకటి, మిగిలింది మనుషులకి. ఇకనుంచి నూకరత్నం చదువుకి ఇంకో వాటా తీస్తామని పడవ వాళ్లంతా ఒప్పుకున్నారట. అంటే మారటోరియంలో వడ్డీ పెరగకుండా కడుతూ వస్తారన్నమాట. ఉన్నది ఉన్నట్టు రాశాను. మేనేజరు గారు చదివి, ఆ పేరా మీద అడ్డంగా గీత కొట్టారు.

"బాగుంది. మొసలి కూడా ఒక వాటా వేస్తుందని రాయలేకపోయావా?"

సర్వీసు మొత్తంలో నేను రాసిన అతి నిజమైన పేరా అది. వివాదం పెట్టుకోకుండా, పొద్దున జెట్టీకి రమ్మని బతిమాలాను.

వచ్చారు. ప్యాంటు మడతపెట్టి, ఐసూ డీజిలూ కలిసిన ఆ తడిలో చెప్పులు జారకుండా నిలబడ్డారు. చేపలు అమ్ముడయ్యాయి. పడవలో పెద్దవాడు కామయ్య నోట్లను గోనెసంచి మీద వాటాలుగా పేర్చాడు. చివర ఇంకో వాటా పెట్టి, "ఇది గుంట సదువుకి," అన్నాడు. మేనేజరు గారు నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను.

అంతటితో ఇంటికి వచ్చేస్తే బాగుండేది. ఆయన అడగాల్సింది అడిగారు: "వేట పడకపోతే?"

"ఏట పడకపోతే ఏటుంటాది బాబూ," అన్నాడు లచ్చయ్య. "మాకూ నేదు, పడవకీ నేదు. బ్యాంకుకీ నేదు."

బ్యాంకుని కూడా తన పడవ ఎక్కించేశాడు. లచ్చయ్య దృష్టిలో అప్పిచ్చినవాడూ ఒక వాటాదారుడే, గాలివానలో వాడూ పస్తుండాలి. బ్యాంకు వాయిదాకి వేటతో సంబంధం లేదని నేను విడమరిచి చెప్పాను.

"పడవెక్కడు, వల లాగడు, వాటా మాత్తరం రోజూ కావాలా? వహ్ భయ్యా!" అన్నాడు కామయ్య. అందరూ నవ్వారు. మేనేజరు గారు నవ్వలేదు. వెనక నిలబడ్డ నూకరత్నం కూడా నవ్వలేదు. ఆయన ప్యాంటు మడత విప్పుకోవడం చూసి, ఇక ఈ అప్పు పని అయిపోయిందనుకున్నాను.

రెండడుగులు వేసి ఆగారు. "ఇంజిను కూడా అప్పు మీద కొన్నదేగా? వేట లేని రోజు దాని వాటా సంగతేమిటి?"

"ఇంజినుకి మాఫీ నేదు బాబూ," అన్నాడు కామయ్య వెంటనే. "బాకీ పడతాది. ఏట పడ్డ నాడు ముందు దాని బాకీ తీసేశాకే మాకు. ఇంజిను ఆగితే అందరం ఆగిపోతాం గదా."

"అయితే అమ్మాయి చదువుని మనిషి వాటాలా వేయకండి. ఇంజిను వాటాలా వేయండి."

కామయ్య లచ్చయ్యని చూశాడు. లచ్చయ్య కూతుర్ని చూశాడు. "ఠీక్ హై. ఇంజినే," అన్నాడు. ఆ రోజే శాంక్షన్ అయింది. కొట్టేసిన పేరా పక్కన మేనేజరు గారు తన చేత్తో, "స్వయంగా చూశాను," అని రాసి సంతకం పెట్టారు. గడువు లోపల ఫీజు వెళ్లింది.

తర్వాతి సంగతి దాచను. నూకరత్నం ఎం.ఏ. పూర్తి చేసి గెస్ట్ లెక్చరర్‌గా చేరింది. జీతంలో సగానికి పైగా వాయిదాకే పోయేది. సెలవుల్లో ఆ జీతం కూడా ఉండేది కాదు. ఆ నెలల్లో పడవ వాటా వచ్చి కాపాడేది. అదే ఏడాది మేం ఇచ్చిన ఇంజనీరింగ్ అప్పుల్లో చాలా వరకు ఆమె కంటే ముందే తీరాయి. జీతం విషయంలో మేనేజరు గారి లెక్క తప్పు కాదు. ఆమె అప్పు ఆలస్యంగా తీరింది, కానీ ఒక్క వాయిదా కూడా మొండిబాకీ కాలేదు. పడవల మీద తను రాయడం మొదలుపెట్టిన కాగితాలు నాకు చూపించింది. మొదటి పేజీలో కామయ్య ఉన్నాడు.

నేను స్వచ్ఛంద విరమణ తీసుకుని వచ్చేశాను. ఆ ఫైలు నేర్పింది ఇది: డిగ్రీకి జీతం ఎంతో చూస్తే సగమే చూసినట్టు, ఆ జీతం రాని నెలలో ఎవరు కడతారో కూడా చూడాలి. ఇంకోటి నా వరకే. గప్పాలు కొట్టేవాడు నిజం చెప్పాల్సి వస్తే వాదించకూడదు, అవతలివాణ్ని జెట్టీకి తీసుకెళ్లాలి. మొసలి విషయంలో కూడా నేను రమ్మనే అన్నాను, ఎవరూ రాలేదు.